చిత్రలహరి నుంచి రీల్స్ దాకా: పాట మొత్తం చూసేవాళ్లు ఇంకా ఉన్నారా?

లలిత_కాకినాడ
శుక్రవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మొదలైన గొడవ ఒకటి ఇక్కడికి తెచ్చాను. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. మా అమ్మాయి పదో తరగతి. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని, చెరో ఫోన్లో ఒకే పాట చూస్తున్నారు. నాన్నగారు పల్లవి నుంచి చివరి చరణం దాకా చూశారు. మా అమ్మాయి చూసింది ఇరవై సెకన్ల ముక్క, అదీ ఎవరో వాళ్ల వంటింట్లో ఆడింది. "ఈ పాటకి రెండో చరణం ఉందా తాతయ్యా?" అని అడిగింది. ఆయన మొహం చూడాలి అప్పుడు!

రికార్డులు, కేసెట్ల గురించి ఇక్కడ ఇదివరకే చాలా మాట్లాడుకున్నాం. నేనడిగేది పాటను చూడటం గురించి. మీరు మొదట పాటను ఎక్కడ చూశారు? ఇప్పుడు మొత్తం చూస్తున్నారా? అసలు పాట తీసేవాళ్లు ఈరోజు ఎవరి కోసం తీస్తున్నారు, నాన్నగారి కోసమా, మా అమ్మాయి కోసమా?


పాత_టేప్‌రికార్డర్
శుక్రవారం రాత్రి 9.42

లలితగారూ, ఇవాళ శుక్రవారమే. ఈ ప్రశ్న శుక్రవారం రాత్రే వేశారంటే నాకు అనుమానంగా ఉంది, మీరూ మా బ్యాచేనా?

శుక్రవారం సాయంత్రం అంటే హైదరాబాద్ దూరదర్శన్‌లో చిత్రలహరి. మా వీధిలో రెండే టీవీలు ఉండేవి. ఒకటి పోస్టుమాస్టరుగారిది, రెండోది రైసుమిల్లు వాళ్లది. మిల్లు వాళ్ల టీవీ పెద్దదే కానీ కాళ్లు కడుక్కుని రమ్మనేవారు, అందుకని పిల్లలమంతా పోస్టుమాస్టరుగారింటికే పోయేవాళ్లం. పాట మధ్యలో కరెంటు పోయిందంటే ఆ పాట ఇక పోయినట్టే. మళ్లీ ఎన్ని వారాలకు వేస్తారో ఎవరికీ తెలియదు. అందుకే రెప్పవేయకుండా చూసేవాళ్లం. భక్తి వల్ల కాదు, భయం వల్ల.

బుధవారం చిత్రహార్ కూడా చూసేవాళ్లం. హిందీ ముక్క రాకపోయినా.

అంతకుముందు రేడియోలో జనరంజని ఉండేది. కార్డు రాసి పాట కోరితే, కోరినవారి పేర్లు ఊరితో సహా చదివేవారు. మా పెద్దన్నయ్య పేరు ఒకసారి వచ్చింది. ఏ పాటకు వచ్చిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పేరు చదివారన్న సంగతి మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటాం.


సిటీకేబుల్_బాబాయ్
శుక్రవారం రాత్రి 10.25

టేప్‌రికార్డర్ గారు చెప్పిన ఆ పేరు పిచ్చి మీదే నేను పదిహేనేళ్లు అన్నం తిన్నాను.

1993లో మా టౌన్లో కేబుల్ మొదలెట్టాను. డిష్‌లో వచ్చే చానెళ్లతో పాటు మా సొంత చానెల్ ఒకటి ఉండేది. సొంత చానెల్ అంటే ఏమీ లేదు, ఒక వీసీఆర్, నాలుగు క్యాసెట్లు, చూసుకోవడానికి మా తమ్ముడు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పాటలు. జనం ఇంటికి ఫోన్ చేసి ఫలానా పాట వేయమనేవారు. తర్వాత తెర కింద అక్షరాలు పరిగెత్తించే పెట్టె కొన్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, పెళ్లిరోజు శుభాకాంక్షలు. ఆ పెట్టె వచ్చాక ఏ పాట వేస్తున్నావని అడిగినవాడు లేడు, "మావాడి పేరు ఎన్నింటికి వస్తుంది" అనే అడిగేవారు. ఒకసారి పేరులో దీర్ఘం పోయిందని ఒకాయన రెండు నెలలు చందా ఎగ్గొట్టాడు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఆ తర్వాత రోజంతా పాటలే వేసే చానెళ్లొచ్చాయి. యాంకరమ్మ "మీ పేరు? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? ఏం చేస్తుంటారు? టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి" అనేది. నా ఖాతాదారుల్లో ఒకావిడ గంటన్నర రీడయల్ నొక్కి లైన్ దొరకబుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే మా వైరు తెగింది. ఆ గొంతు రాష్ట్రమంతా విన్నది, ఆమె వీధి తప్ప. ఆ ఇంటి వైపు నేను చాన్నాళ్లు వెళ్లలేదు.


వైజాగ్_శ్రావ్య
శుక్రవారం రాత్రి 11.03

బాబాయ్ 😄

కానీ ఒక చిన్న పేచీ. ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా సినిమాలోంచి కోసిన పాట గురించే. మ్యూజిక్ వీడియో వేరే సంగతి కదండీ? సినిమా లేకుండా, పాట కోసమే తీసేది. తొంభైల్లో హిందీలో అవి విరగబడి వచ్చాయి. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', ఆ మరుసటేడు ఈజిప్టులో తీసిన లక్కీ అలీ 'ఓ సనమ్'. అందమైన మోడల్స్ ఉన్నారు కాబట్టే దలేర్ మెహందీ పాటలు ఆడుతున్నాయని కొందరంటే, ఆయన 1998లో 'తునక్ తునక్ తున్'లో ఒక్క మోడల్‌ని కూడా పెట్టుకోలేదు. తానే నాలుగు రంగుల బట్టల్లో నలుగురై ఆడాడు, వెనకంతా కంప్యూటర్ బొమ్మలు. ఇంత కసిగా పుట్టిన వీడియో ఇంకోటి ఉండదేమో.

తెలుగులో 2000లో స్మిత 'హాయ్ రబ్బా' వచ్చింది. నేనప్పుడు ఇంటర్. మా హాస్టల్లో అందరికీ నోటికి వచ్చు. తర్వాత ఆ దారిలో పెద్దగా ఎవరూ నడవలేదు. ఎందుకంటారు?


సిటీకేబుల్_బాబాయ్
శుక్రవారం రాత్రి 11.20

అమ్మా శ్రావ్యా, ఆ పాట వేయమని కాలేజీ పిల్లలు నాకు తెగ ఫోన్ చేసేవారు. చందా కట్టేది మాత్రం వాళ్ల నాన్నలు.


పాత_టేప్‌రికార్డర్
శనివారం ఉదయం 6.35

బాబాయ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేనింకొకటి కలుపుతాను. మనకు పాటంటే ముందు హీరో. సినిమా పాటకు నిర్మాత డబ్బు పెడతాడు, విదేశాలు తిప్పుతాడు, యాభైమంది డ్యాన్సర్లను పెడతాడు, ఆ పైన ప్రచారం కోసమని టీవీకి తనే పంపుతాడు. సొంతంగా ఆల్బమ్ తీసే గాయని వీటన్నిటి పక్కన ఎలా నిలబడుతుంది? ఒకే అరగంటలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి రెండూ.


మాంచెస్టర్_మూర్తి
శనివారం మధ్యాహ్నం 1.15

ఇక్కడి కబురు ఒకటి చెప్తాను. 2025 డిసెంబర్ 31తో బ్రిటన్‌లో ఎంటీవీ వాళ్ల పాటల చానెళ్లు ఐదు మూతపడ్డాయి. ఎనభైల పాటలది, తొంభైల పాటలది కూడా పోయాయి. ఎంటీవీ పేరుతో మిగిలిన చానెల్లో వచ్చేవి రియాలిటీ షోలే.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైనప్పుడు వేసిన మొట్టమొదటి వీడియో 'వీడియో కిల్డ్ ద రేడియో స్టార్'. రేడియో తారను వీడియో చంపేసిందని దాని అర్థం. రేడియో ఇంకా బతికే ఉంది. నేను కారులో వెళ్తూ రోజూ వింటాను. అంత గొప్పగా ప్రకటించినవాడి పాటల దుకాణమే ఇక్కడ కట్టేశారు.

అయితే ఆ చానెల్ అందరిదీ అనుకోకండి. మొదటి రెండేళ్లు నల్లవారి పాటలు అందులో చాలా తక్కువగా వచ్చేవి. 1983లో డేవిడ్ బౌవీ ఎంటీవీకే ఇంటర్వ్యూ ఇస్తూ, మీరు నల్లవారిని ఎందుకు వేయట్లేదని యాంకర్ మొహం మీదే అడిగాడు. అదే ఏడాది మైకేల్ జాక్సన్ వచ్చి ఆ తలుపు బద్దలుకొట్టాడు. డిసెంబరులో 'థ్రిల్లర్' వీడియో, దాదాపు 14 నిమిషాలు. ఏది చూడాలో చానెల్ వాడు తేల్చే రోజుల సంగతి అది. చిత్రలహరిలో మీ ఊరి యాస పాట ఎప్పుడైనా వచ్చిందా, టేప్‌రికార్డర్ గారూ?


మానేరు_ఒడ్డు
శనివారం మధ్యాహ్నం 3.40

మూర్తన్న అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్త. రాలేదు.

శ్రావ్యక్కా, తెలుగులో మ్యూజిక్ వీడియో ఆగిపోయిందని మీరు అనుకుంటున్నరు. ఆగలేదు, మీరు చూడని దిక్కు పెరిగింది. మాది సిరిసిల్ల దగ్గర పల్లె. నేను జానపద పాటల వీడియోలకు కెమెరా పట్టుకుంట. నా చిన్నప్పుడు కరీంనగర్ బస్టాండు బయట జానపద పాటల సీడీలు అమ్మేటోళ్లు, కవరు మీద పాడినోళ్ల ఫొటో ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు ధూంధాం పాటలు కూడా అట్లనే ఇంటింటికీ చేరినయి. సినిమా టీవీకి ఈ పాటలతోని పని లేకుండె. తర్వాత 'మా టీవీ' అనే చానెల్‌ల 'రేలా రె రేలా' అని జానపద పాటల పోటీ వచ్చింది, పల్లె గొంతులు మొదటిసారి స్టేజీ ఎక్కినయి. వీ6 వాళ్లు ఏటేటా బతుకమ్మ పాట చేసుడు మొదలుపెట్టిన్రు. మంగ్లి ఆ చానెల్ నుంచే అందరికీ తెలిసింది.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది, అడిగేటోడు లేడు. ఒక్క పాటకు మేము పోయేది పది పన్నెండు మందిమి. ఒక పూట చేన్ల, ఒక పూట చెరువు కట్ట మీద, ఆఖరికి ఎవరిదన్న పెంకుటిల్లు. డ్రోన్ కిరాయికి వస్తది. చుట్టాలే గుంపులో డ్యాన్సర్లు. హీరో అక్కర్లేదు, పాడినోళ్లే తెర మీద కూడా ఆడుతరు. రాము రాథోడ్ 'రాను బొంబాయికి రాను' అట్లనే వచ్చింది. చూసినోళ్లు కోట్లల్ల ఉన్నరు. తర్వాత ఆయన బిగ్ బాస్ దాకా పోయిండు.


వైజాగ్_శ్రావ్య
శనివారం సాయంత్రం 4.02

ఒప్పుకున్నాను. నేను నిజంగానే ఆ దిక్కు చూడలేదు. ఒక్కటి చెప్పండి, మీ పాటలు మొదట ఎవరు చూస్తారు?


మానేరు_ఒడ్డు
శనివారం సాయంత్రం 4.30

అక్కా, చూసుడు తర్వాత సంగతి. ముందు డీజే వాయించాలె. పెండ్లి బరాత్‌ల డీజే బండి మీద పడితేనే పాట బతికినట్టు. అందుకే పాటతో పాటు దాని డీజే మిక్స్ కూడా తయారు చేయించుకుంటం.

'బుల్లెట్టు బండి' సంగతి తెలుసు కదా. లక్ష్మణ్ రాసిండు, మోహన భోగరాజు పాడింది, వీడియోల ఆడింది కూడా ఆమెనే. 2021 ఏప్రిల్‌ల వచ్చింది. అప్పుడే మంచిగ ఆడింది కానీ, ఆగస్టుల ఒక పెండ్లికూతురు తన బరాత్‌ల పెండ్లికొడుకు ముందట ఆ పాటకు చిందేసింది చూడు, ఆ ఫోన్ వీడియోతోని దేశమంతా తిరిగింది. కంపెనీ ఖర్చు పెట్టి తీసినదానికంటే పెండ్లోళ్లు ఫోన్ల తీసిందే జనానికి యాదికుంది. ఆ తర్వాత మా దిక్కు పెండ్లికూతురు ఆడని బరాత్ నేను చూడలే. ఇగ మేము కూడా ఒకటి నేర్చుకున్నం. పెండ్లిల ఎవలన్న చెయ్యగలిగే అడుగు ఒక్కటన్న పాటల ఉండాలె.


టైమ్‌లైన్_ఎడిటర్
శనివారం రాత్రి 11.50

కృష్ణానగర్‌లో ఉంటాను, సినిమా పాటలు, ప్రోమోలు కట్ చేస్తాను. లలితగారి అసలు ప్రశ్నకు వస్తాను: ఎవరి కోసం తీస్తున్నారు?

సినిమా పాట ఇప్పుడు ఒకటి కాదు, నాలుగు. మొదట పదిహేను ఇరవై సెకన్ల ప్రోమో. తర్వాత లిరికల్ వీడియో. సినిమా రిలీజయ్యి కొన్నాళ్లయ్యాక ఫుల్ వీడియో. వీటన్నిటి పక్కన నిలువు ముక్క, ఫోన్ కోసం.

ఇందులో లిరికల్‌ని చిన్నచూపు చూడకండి. సినిమా ఎప్పుడో వస్తుంది, పాట హక్కులు కొన్న ఆడియో కంపెనీ అప్పటిదాకా ఆగలేదు. చూపించడానికి చేతిలో బొమ్మ ఉండదు, ఉన్నా నిర్మాత ఇవ్వడు. అందుకని సాహిత్యాన్నే తెర మీద పరిచేశారు. 2021 ఫిబ్రవరి చివర్లో 'సారంగ దరియా' లిరికల్ వచ్చింది. 'లవ్ స్టోరీ' సినిమా సెప్టెంబర్ 24న వచ్చింది. దాదాపు ఏడు నెలలు జనం ఆ కొద్దిపాటి షాట్లు, కదిలే అక్షరాలే చూశారు, మళ్లీ మళ్లీ. అంతకుముందు 2019 సెప్టెంబరులో 'సామజవరగమన' లిరికల్‌లో సిద్ శ్రీరామ్, వాద్యకారులు స్టూడియోలో కనిపించారు. అది నాకు చాలా నచ్చింది. తెలుగువాళ్లు పాడేవాడి మొహం చూస్తూ పాట వినడం మళ్లీ అలవాటు చేసుకున్నారు. సాహిత్యం తెర మీద పడటం మొదలయ్యాక, తప్పు పాడుకునేవాళ్లు కూడా తగ్గారు. నేను పదేళ్లు తప్పుగా పాడుకున్న పాటలున్నాయి, పేర్లు చెప్పను.

ఇక నిలువు ముక్క. ఇదే మా ప్రాణాలు తీసేది. వెండితెర అడ్డంగా ఉంటుంది, ఫోన్ నిలువుగా ఉంటుంది. ఆ ఒక్క స్టెప్పు దగ్గర హీరోని మధ్యలో పెట్టి, తల నుంచి పాదాల దాకా కనిపించేలా, కట్ లేకుండా తీస్తారు. కాళ్లు కనపడకపోతే చూసేవాళ్లు నేర్చుకోలేరు కదా. 'నాటు నాటు' చూడండి. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీశారు, నవంబరులో లిరికల్‌లో ఆ స్టెప్పు బయటికొచ్చింది, సినిమా 2022 మార్చి 25న వచ్చింది. నాలుగు నెలల ముందే ఊళ్లల్లో పిల్లలు భుజాల మీద చేతులేసుకుని కాళ్లాడించేశారు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చేసరికి ఆ అడుగు తెలియనివాళ్లు లేరు.

ఎడిటర్‌గా నా బాధ ఒకటే. రెండో చరణానికి టైమిచ్చేవాళ్లు లేరు. పల్లవికి మూడు రోజులు పెడతారు, చరణాలు ఒక్క రాత్రిలో కట్ చేయమంటారు. లలితగారి అమ్మాయికి రెండో చరణం ఉందో లేదో తెలియదంటే తప్పు పూర్తిగా తనది కాదు.


సున్నా_ఒకటి
ఆదివారం ఉదయం 10.05

సాఫ్ట్‌వేర్ వాడిని, లెక్కల గురించి నాలుగు మాటలు.

వ్యూస్ అంటే చూసినవాళ్ల సంఖ్య అని అందరూ అనుకుంటారు. యూట్యూబ్‌లో ప్రకటన కింద నడిపిన వీడియోని 30 సెకన్లు చూసినా వ్యూ కిందే పడుతుంది. 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్షా 'పాగల్' పాటకు 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రపంచ రికార్డు ప్రకటించుకున్నారు. ప్రకటనల మీద డబ్బు పెట్టిన సంగతి బయటపడింది. ఆ సెప్టెంబరులో యూట్యూబ్ నియమం మార్చింది, 24 గంటల రికార్డులకు ప్రకటనల వ్యూస్ లెక్కలోకి రావు. షార్ట్స్‌లో ఇంకో తమాషా. 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ. వేలు జారినా వ్యూనే.

అంచేత మానేరు అన్న చెప్పిన డీజే బండి నాకు ఎక్కువ నమ్మకం. డబ్బిచ్చి బరాత్‌లో జనాన్ని ఆడించలేరు.

పోతే, కొరియా పాట 'గంగ్నమ్ స్టైల్' వ్యూస్ లెక్క 2014 డిసెంబరులో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గరకొచ్చింది. కంప్యూటర్‌లో ప్లస్, మైనస్ గుర్తుకు ఒక బిట్ పోగా 32 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య అదే. లెక్కపెట్టే పెట్టెనే పెద్దది చేయాల్సి వచ్చిందని యూట్యూబ్ సరదాగా ప్రకటించింది. కేబుల్ బాబాయ్ అక్షరాల పెట్టెలో ఎన్ని అక్షరాలు పట్టేవి?


సిటీకేబుల్_బాబాయ్
ఆదివారం ఉదయం 10.30

నలభై. అందుకే దీర్ఘం పోయింది.


మానేరు_ఒడ్డు
ఆదివారం మధ్యాహ్నం 12.10

వ్యూస్ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. మా నాయనమ్మ నాట్లేసుకుంట పాడే పాట ఒకటి మేమే రికార్డు చేసి, మేమే తీసి పెట్టినం. నాలుగు నెలలు మంచిగ నడిచింది. ఒకరోజు మా చానెల్‌కు నోటీసు: ఈ పాట మాదని ఒక ఆడియో కంపెనీ అన్నది. వాళ్లు అదే బాణీని ఎక్కడనో వాడుకున్నరు, యూట్యూబ్ మిషన్‌కు రెండూ ఒకటే అనిపించినయి. ఆ నాటి నుంచి ప్రకటన పైసలు వాళ్ల ఖాతాల పడ్డయి. అభ్యంతరం పెడితే జవాబిచ్చేందుకు వాళ్లకు 30 రోజుల గడువుంటది. 29వ రోజు కాదని జవాబిచ్చిన్రు. మళ్లీ పెట్టినం. ఆఖరికి వదిలిన్రు కానీ బతుకమ్మ పండుగ అయిపోయింది, అప్పటికి ఆ పాట చూసేటోళ్లు లేరు. పేరు చెప్పను, కొట్లాట అయిపోయింది.


మోడరేటర్
ఆదివారం మధ్యాహ్నం 12.25

కాపీరైట్ గురించి వేరే చర్చ తెరిచాను, దయచేసి వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ లలితగారి ప్రశ్నకే పరిమితమవుదాం.


లలిత_కాకినాడ
ఆదివారం రాత్రి 8.45

మీరంతా రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. ముందు కోప్పడింది, ఇంటి గొడవ ఊరంతా చెప్పానని. తర్వాత ఏమందో చెప్తాను. తను పాటలు మొత్తం వింటుందట. చదువుకునేటప్పుడు చెవుల్లో అవే. ఆదివారం చూసినది మాత్రం ఇంకా వినలేదట, అందుకే అడిగిందట. "చూడ్డం దేనికమ్మా? స్టెప్పు నేర్చుకోవడానికే చూస్తా. స్టెప్పు ఇరవై సెకన్లే కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. మనం చూడటం, వినడం ఒకే మూట కట్టేసి పిల్లల్ని తిడుతున్నామేమో అనిపించింది.

ఇంకా అయిపోలేదు. టేప్‌రికార్డర్ గారి జనరంజని ముచ్చట చదివాక నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సాయంత్రం ఆయన ఫోన్ ఛార్జింగ్ పెడుతూ చూశాను. పాట మొత్తం చూస్తున్నారని మేమనుకున్నాం కదా. పాట పైన నడుస్తూ ఉంటుంది, ఆయన కింద కామెంట్లు రాస్తూ ఉంటారు! ఎన్నో పాటల కింద ఉన్నాయి. తన పేరు, మా ఊరు, అమ్మ పేరు, పక్కన సంవత్సరం. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఒక పాట కింద ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన, "నమస్కారం మాస్టారూ, ఈ పాట మేమూ మీ ఊరి టూరింగ్ టాకీసులోనే చూశాం" అని జవాబిచ్చాడు. ఇద్దరూ ఏడాదిగా ఆ పాట కిందే మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.


పాత_టేప్‌రికార్డర్
ఆదివారం రాత్రి 9.00

కోరినవారు!


మానేరు_ఒడ్డు
ఆదివారం రాత్రి 9.20

అక్కా, పొద్దుగాల ఐదింటికి మాకు షూటింగ్ ఉంది, చెరువు మీద మంచు పోకముందే తియ్యాలె. పోయిన వారం పెట్టిన మా పాట లింక్ మీకు పంపిన. బాపును దాని కింద కూడా ఒక మాట రాయమనండి.


లలిత_కాకినాడ
సోమవారం ఉదయం 7.15

రాశారు తమ్ముడూ. రెండో చరణంలో "నాగలి" అన్నది సరిగ్గా పలకలేదట.